జెర్రిపోతు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పొలం గట్టు మీద, చెరువు కట్ట కింద గడ్డిలో, గడ్డివాము చుట్టుపక్కల పట్టపగలు కనబడే పెద్ద పాము చాలాసార్లు జెర్రిపోతే అయి ఉంటుంది. కొన్ని ఊళ్లలో జెర్రిగొడ్డు అంటారు. విషం లేదు, మనిషి జోలికి రాదు, ఎలుకల్ని తింటుంది. అయినా కనబడితే చాలు కర్రలు లేస్తాయి, ఎందుకంటే దూరం నుంచి చూస్తే నాగుపాములా అనిపిస్తుంది. ఊళ్లలో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, బడి పిల్లల దగ్గర మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

జెర్రిపోతుకు నిజంగానే విషం లేదా?

లేదు. విషం ఎక్కించే కోరలు దీనికి లేవు. నోట్లో ఉన్నవి లోపలికి వంగిన చిన్న చిన్న పళ్లు. పట్టిన కప్ప జారిపోకుండా ఆపడమే వాటి పని. పిల్లగా ఉన్నప్పుడు విషం లేదు, ముదిరాక రాదు. అమావాస్యకూ పౌర్ణమికీ ఇందులో తేడా ఏమీ ఉండదు.

శాస్త్రవేత్తలు దీన్ని ట్యాస్ మ్యూకోసా అంటారు. 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ వర్ణించిన జీవుల్లో ఇదొకటి. మన దగ్గరే కాదు, ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్ నుంచి ఇటు తైవాన్, జావా దాకా ఉంటుంది.

ఎంత పొడవు పెరుగుతుంది? రంగు ఎలా ఉంటుంది?

పెద్దది మామూలుగా 5 నుంచి 7 అడుగులు ఉంటుంది. 8 అడుగులు దాటినవీ కనబడతాయి. ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ పొడవు 3.7 మీటర్లు, అంటే 12 అడుగుల పైమాటే. అంత పొడవున్నా కొండచిలువలా లావుగా ఉండదు. సన్నగా, కండ పట్టి, తోక బాగా సాగినట్టు ఉంటుంది.

రంగు ఒక్కటే అని చెప్పలేం. ఎండుగడ్డి రంగువి, పసుపు కలిసిన గోధుమ రంగువి, బూడిద రంగువి, దాదాపు నల్లగా ఉండేవి కూడా ఉన్నాయి. అందుకే రంగు చూసి ఏ పామో తేల్చేయకూడదు. గుర్తుపట్టడానికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. నడుము దాటాక తోక వైపు నల్లటి అడ్డగీతలు వల అల్లినట్టు కనబడతాయి. కళ్లు పెద్దవి, కంటిపాప గుండ్రంగా ఉంటుంది. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు పెదవి మీద ఉంటుంది. పై పెదవి, కింది పెదవి పొలుసులు ఒకదాన్నొకటి కలిసే చోట నిలువుగా సన్నటి నల్లగీతలు ఉంటాయి. కాటుక పుల్లతో ఒక్కో గీతా గీసినట్టు ఉంటాయవి. మంచి ఫొటో ఉంటే ఈ ఒక్క గుర్తుతో చాలావరకు తేలిపోతుంది.

పిల్లల రూపం కాస్త వేరు. ఒంటి ముందు భాగంలో లేత రంగు అడ్డపట్టీలు ఉంటాయి. ఆ చారలు చూసి కట్లపాము పిల్ల అనుకుని చంపేసేవాళ్లున్నారు.

నాగుపాముకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. పడగ విప్పితే ఇక సందేహం అక్కర్లేదు, జెర్రిపోతుకు పడగ లేదు. చిక్కంతా పడగ విప్పని నాగుపాముతోనే. ప్రశాంతంగా పోతున్న నాగుపాము మెడ మామూలుగానే ఉంటుంది, అచ్చం ఏదో మామూలు గోధుమ రంగు పాములా కనబడుతుంది. "పడగ లేదు కదా, జెర్రిపోతే" అని దగ్గరికి వెళ్లడం చాలా ప్రమాదం.

తల చూడండి. జెర్రిపోతు ముఖం కోలగా ఉంటుంది, మెడ సన్నబడి తల విడిగా తెలుస్తుంది. నాగుపాము తల మొద్దుగా ఉండి దాదాపు అదే వెడల్పుతో మెడలో కలిసిపోతుంది. నాగుపాము కన్ను చిన్నది, మెడ కింద పొట్ట వైపు ముదురు పట్టీలు ఉంటాయి. జెర్రిపోతుకు గొంతు కింద తెల్లగానో పసుపుగానో ఉంటుంది. నడకలో కూడా తేడా ఉంది. అలికిడి కాగానే దూసుకుపోయి గడ్డిలో మాయమయ్యేది ఎక్కువగా జెర్రిపోతు. అయితే నాగుపాము కూడా పారిపోవడానికే చూస్తుంది కాబట్టి నడకను బట్టి పందెం కాయొద్దు.

ఈ గుర్తులన్నీ కనీసం పది అడుగుల దూరంలో నిలబడి చూసుకోవడానికే. ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీయండి, తెలిసినవాళ్లకు పంపండి. గుర్తులు సరిపోలాయి కదా అని చేత్తో పట్టుకోవద్దు. అనుమానం తీరకపోతే విషపామే అనుకుని దూరంగా ఉండండి, చంపకుండా.

ఇది ఎక్కువగా ఎక్కడ ఉంటుంది?

గడ్డి, ఎలుక బొరియ, దగ్గర్లో కాస్త నీళ్లు ఉంటే చాలు, అక్కడ జెర్రిపోతు బతుకుతుంది. బీళ్లు, పచ్చిక బయళ్లు, వరి మాగాణి, చెరకు తోటలు, మామిడి తోటలు, పల్చటి అడవులు, ఆఖరికి నగరాల్లో ఖాళీ స్థలాలు కూడా దీనికి సరిపోతాయి. హైదరాబాద్‌లో కొత్త కాలనీ లేచిన చోట మొదటి వానాకాలం జెర్రిపోతులు కనబడడం మామూలే. అవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు, ఇల్లు కట్టకముందు నుంచీ ఆ గడ్డిలో ఉన్నవే.

తన బొరియ తాను తవ్వుకోదు. ఎలుకలు, పందికొక్కులు తవ్వినవి, పాడుబడిన చెదపుట్టలు, రాతి కట్టల సందులు, చెట్ల వేళ్ల కింద బోలుగా ఉన్న చోట్లు వాడుకుంటుంది. ఎండ ముదిరినప్పుడు వాటిలోకి పోతుంది, ఎవరైనా తరిమితే వాటిలోకే పోతుంది. చెట్లు బాగా ఎక్కుతుంది, తాటాకు కప్పుల్లో తిరుగుతుంది, నీళ్లలో హాయిగా ఈదుతుంది. నీళ్లలో కనబడింది కాబట్టి నీరుకట్టు పామే అనుకోనక్కర్లేదు.

గడ్డి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన లెక్కల్లో గడ్డి భూమి అంటే బంజరు, అంటే ఖాళీ, అంటే దేనికో ఒకదానికి ఇచ్చేయదగినది. నంద్యాల జిల్లాలో బట్టమేక పిట్ట కోసం పేరుపడ్డ రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాలకు రక్షణ ఉంది గానీ, ఊరి బీడుకు ఆ అదృష్టం లేదు. పాములకు ఆ బీడే ఊరు. బీడు పోయాక మిగిలింది పొలం గట్టు. ఇప్పుడు గట్ల మీద గడ్డి కోసే కూలీలు దొరక్క గడ్డిమందు కొడుతున్నారు. రైతు కష్టం నాకు తెలుసు, గట్టు శుభ్రంగా లేకపోతే పురుగు చేరుతుందన్న భయమూ అర్థమవుతుంది. కానీ పొలం చుట్టూ అన్ని గట్లూ ఒకేసారి మాడ్చేస్తే పాముకు దాక్కునే చోటు ఉండదు, కప్పకూ ఉండదు. మనుషులు నడవని గట్టు ఒక్కటైనా అలాగే వదిలేయమని అడుగుతున్నాను.

ఏం తింటుంది? ఎలా పట్టుకుంటుంది?

ఎలుకలు, కప్పలు, తొండలు, బల్లులు, పక్షుల గుడ్లు, గూట్లోని పిల్లలు. అప్పుడప్పుడు వేరే పాములు కూడా. పిల్ల జెర్రిపోతులు చిన్న కప్పలతో, బల్లులతో మొదలుపెడతాయి.

కొండచిలువలా చుట్టి బిగించి చంపడం దీనికి రాదు. విషమూ లేదు. మరి ఎలా? వేగం, కంటి చూపు, ఒంటి బరువు, ఈ మూడే దీని ఆయుధాలు. గట్టు పక్కన గడ్డిలోంచి కప్ప మామూలు బెకబెక కాకుండా సన్నగా, సాగదీసి అరుస్తుంటే జాగ్రత్తగా చూడండి. కప్ప వెనక కాలు పాము నోట్లో ఉంటుంది. పాము తొందరపడదు. ఒక మెలిక వేసి కప్పను బురదకేసి అదిమి పెడుతుంది. కింది దవడ ఎడమ పక్క కొంచెం ముందుకు జరుగుతుంది, పళ్లు దిగుతాయి, తర్వాత కుడి పక్క జరుగుతుంది. అలా ఒక్కో పక్కా మార్చుకుంటూ కప్ప మీదుగా తల నడిచి పోతున్నట్టు ఉంటుంది. కప్ప గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుని చివరిదాకా పోరాడుతుంది. చాలాసార్లు బతికుండగానే మింగేస్తుంది. చూడటం కష్టంగా ఉంటుంది, నిజమే. కానీ కప్పను విడిపించబోవద్దు. బెదిరిన పాము తిండి కక్కేసి పారిపోతుంది, నలిగిన కప్ప బతకదు.

రైతుకు దీనివల్ల నిజంగా లాభముందా?

ఉంది. వరి పొలంలో ఎలుక తినేదానికన్నా పాడుచేసేది ఎక్కువ. పిలకలను మొదట్లో కొరికి పడేస్తుంది, కంకులు కోసి బొరియలో దాచుకుంటుంది. కృష్ణా, గుంటూరు, నెల్లూరు వైపు యానాదులను పిలిచి ఎలుకలు పట్టించేది అందుకే. గుడ్లగూబ వెలుపల తిరిగే ఎలుకను పట్టగలదు గానీ బొరియలోకి దూరలేదు. జెర్రిపోతు ఎలుక వెంట బొరియలోకే వెళ్తుంది, లోపల ఉన్న పిల్లల్నీ వదలదు.

ఒక్క పాముతో ఎలుకల బెడద మొత్తం తీరిపోతుందని నేను చెప్పను. ఎలుకలు పెరిగే వేగం వేరు. ఎలుకల మందు పెట్టక తప్పకపోతే ఎరను బొరియ లోపల పెట్టి మూసేయండి, చచ్చిన ఎలుకలు ఏరి పూడ్చేయండి. ముఖ్యంగా బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. దాన్ని తిన్న పాముకూ, గుడ్లగూబకూ ముప్పే.

పగలు తిరుగుతుందా, రాత్రా?

పగలే. ఎండాకాలంలో పొద్దున, సాయంత్రం, చలికాలంలో ఎండ పడ్డాక. రాత్రి పడుకుంటుంది. రాత్రిళ్లు గడప దగ్గర, పక్కబట్టల్లో కనబడే పాము కట్లపాము కావచ్చు, అప్పుడు చాలా జాగ్రత్త అవసరం.

రెండు పాములు నిలువుగా లేచి పెనవేసుకుని ఆడుతుంటే, అది సంభోగమేనా?

పేపర్లలో, ఫోన్లలో "పాముల సయ్యాట" అని వచ్చే వీడియోల్లో చాలావరకు జెర్రిపోతులే, చాలావరకు రెండూ మగవే. అది కుస్తీ. దగ్గర్లో ఉన్న ఆడపాము కోసమో, ఆ చోటు కోసమో బలాబలాలు తేల్చుకుంటాయి. ఒళ్లు తాడులా పురి పెట్టుకుని, ముందు భాగం పైకి లేపి, ఎదుటిదాని తలను నేలకు వంచాలని చూస్తాయి. ఒకటి పైకి లేస్తే రెండోది అంతకన్నా పైకి లేస్తుంది. ఇలా చాలాసేపు సాగుతుంది. సాధారణంగా కరుచుకోవు. ఓడింది విడిపించుకుని వెళ్లిపోతుంది.

అసలు జత కట్టేటప్పుడు ఇంత హడావుడి ఉండదు. రెండూ నేల మీద పక్కపక్కన ఉంటాయి, తోకలు మాత్రం కలిసి ఉంటాయి.

వాటి మీద కొత్త తెల్లబట్ట వేసి తీసుకుంటే కలిసొస్తుందన్న నమ్మకం మన పల్లెల్లో ఉంది. నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ బట్ట పడగానే రెండు పాములూ బెదిరి విడిపోతాయి, కరిచినా కరవొచ్చు. పైగా నాగుపాములు కూడా ఇలాగే పెనవేసుకుంటాయి. దూరం నుంచి ఏవో పోల్చుకోలేక దగ్గరికి పోతే ప్రాణం మీదకి వస్తుంది. దూరంగా నిలబడి చూడండి, పిల్లలకు చూపించండి. అంత మంచి దృశ్యం రోజూ దొరకదు.

జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జత కడతాయంటారు కదా?

కట్టవు. రెండూ వేర్వేరు కుటుంబాల పాములు. ప్రతి జాతిలోనూ ఆడా మగా ఉంటాయి. నాగుపాముకు జెర్రిపోతు జోడీ కాదు, దొరికితే తిండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తూర్పు కనుమల్లో ఉండే గిరినాగుకైతే (కింగ్ కోబ్రా) పాములే ప్రధాన ఆహారం, వాటిలో జెర్రిపోతు ఇష్టమైనది. గిరినాగు ఊరి దగ్గరికి వచ్చిందంటే చాలాసార్లు జెర్రిపోతు వెంటపడే వచ్చి ఉంటుంది.

ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందా?

తాగదు. చప్పరించి పీల్చడానికి తగిన పెదవులు, నాలుక పాముకు లేవు. అన్ని సూది పళ్లతో పొదుగు పట్టుకుంటే ఏ ఆవూ నిలబడదు. పశువుల కొట్టంలో జెర్రిపోతు కనబడేది నిజం. తవుడు, చెక్క, దాణా ఉన్న చోటికి ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. ఆ రోజు ఆవు పాలు తక్కువ ఇస్తే నింద పాము మీద పడుతుంది. పొదుగు మీద పగుళ్లు, వాపు ఉంటే పశువుల డాక్టరుకు చూపించండి, అది పొదుగువాపు కావచ్చు.

తోకతో కొడితే ఒళ్లు కుళ్లిపోతుందా? పగబడుతుందా?

రెండూ లేవు. తోకలో ముల్లూ లేదు, విషమూ లేదు. పట్టుకుంటే విదిలించుకోవడానికి తోక ఆడిస్తుంది, అంతే. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని తిరిగి వచ్చేంత జ్ఞాపకం పాముకు లేదు. ఒక పామును చంపిన చోటే మరో పాము కనబడిందంటే, ఎలుకలు ఇంకా అక్కడే ఉన్నాయని అర్థం.

కోపం వస్తే ఏం చేస్తుంది?

ముందు పారిపోతుంది. దారి లేకుండా మూలకు నెడితే మెడను పక్కల నుంచి నొక్కినట్టు చేసి, గొంతు కింద ఉబ్బించి, లోపల్నుంచి గుర్రుమన్నట్టు బరువైన శబ్దం చేస్తుంది. మామూలు బుస కాదు అది, మొదటిసారి విన్నవాళ్లు హడలిపోతారు. ఆ ఉబ్బిన మెడనే పడగ అనుకుంటారు. పడగ అయితే వెడల్పుగా పరుచుకుంటుంది, ఇది పైకీ కిందికీ లోతుగా పెరుగుతుంది. అప్పటికీ వదలకపోతే ముందుకు దూకి కరుస్తుంది. నాలుగడుగులు వెనక్కి వేసి దారి ఇస్తే చాలు, వెళ్లిపోతుంది.

కరిస్తే ఏం చేయాలి?

జెర్రిపోతు కాటు వరసగా గీరుకుపోయినట్టు ఉంటుంది, రక్తం కాస్త ఎక్కువే కారుతుంది. సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోవాలి.

అయితే కరిచింది జెర్రిపోతే అని తేల్చాల్సింది మీరు కాదు, డాక్టరు. పళ్ల గాట్లు చూసి విషం లేదని చెప్పేయడం కుదరదు. కట్లపాము కాటుకు కొన్నిసార్లు గాటూ కనబడదు, నొప్పీ ఉండదు. టెన్షన్ పడకుండా కూర్చోండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి, ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేయండి, 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం వద్దు. మంత్రగాడి దగ్గర పోయే గంట తిరిగి రాదు. ఆసుపత్రిలో కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకడుతుందో లేదో చూస్తారు. గడ్డకట్టకపోతే పింజరి జాతి విషం అని అనుమానిస్తారు. నాగుపాము, కట్లపాము విషం ఈ పరీక్షలో తేలదు కాబట్టి కనురెప్పలు వాలుతున్నాయా, మాట తడబడుతోందా అని గమనిస్తూ కొన్ని గంటలు ఉంచుతారు. "ఏమీ కాలేదు" అని మధ్యలో లేచి వచ్చేయకండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువున్న ప్రాంతాల్లో మన తెలుగు నేల కూడా ఉంది.

గుడ్లు పెడుతుందా?

పెడుతుంది. ఒక్కో విడతలో పది పన్నెండు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, తెల్లగా, తోలులా మెత్తటి పెంకుతో. రెండు నెలలు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి, పుట్టినప్పుడే అడుగు పైన ఉంటాయి. పెంటకుప్ప తిరగేసేటప్పుడు, గట్టు తవ్వేటప్పుడు గుడ్లు బయటపడితే దొర్లించకుండా ఉన్న చోటే మట్టి కప్పేయండి.

ఇంట్లోకి వస్తే? రాకుండా మందు ఏమైనా ఉందా?

ఆ గదిలోంచి పిల్లల్ని, కుక్కను బయటికి తెచ్చి, బయటి తలుపు తెరిచి, లోపలి తలుపు కింద బట్ట దోపండి. ఒకరు దూరం నుంచి కనిపెడుతూ ఉండండి. చాలాసార్లు అదే వెళ్లిపోతుంది. వెళ్లకపోతే అటవీ శాఖకో, శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తోంది.

వెల్లుల్లి, ఫినాయిల్, బజార్లో అమ్మే పాము పొడులు నమ్ముకోదగ్గవి కావు. ఎలుకలు లేకుండా చూసుకోవడం, కట్టెలు ఇటుకలు గోడకు ఆనించి పేర్చకుండా ఉండడం, డ్రైనేజీ గొట్టానికి జాలీ పెట్టడం, ఇవే పనిచేస్తాయి.

చంపితే కేసు అవుతుందా?

అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని కాపాడుతోంది. చంపడం, పట్టి ఇంట్లో ఉంచుకోవడం, చర్మం అమ్మడం నేరం. ఒకప్పుడు బెల్టులు, పర్సులు, చెప్పుల కోసం మన దేశం నుంచి జెర్రిపోతు చర్మాలు పెద్ద ఎత్తున విదేశాలకు పోయేవి. 1976లో పాము చర్మాల ఎగుమతి నిషేధించారు. ఆ వ్యాపారానికి పాములు పట్టిన తమిళనాడు ఇరుళర్ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, విషపాముల నుంచి విషం తీసి మందు తయారీకి ఇచ్చే పనిలోకి మారారు. మనకు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు వెనక వాళ్ల చేతులున్నాయి. ఇండోనేషియాలో మాత్రం చర్మం కోసం జెర్రిపోతుల్ని ఇప్పటికీ పడుతున్నారు.

కూరగాయల మడి చుట్టూ కట్టిన వలలో చిక్కుకుంటే ఏం చేయాలి?

ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నది ఇదే. కోళ్లు, పక్షులు రాకుండా కట్టే నైలాన్ వలలో, చేపల చెరువు గట్టున చుట్టిన వలలో తల దూరుస్తుంది. సన్నటి మెడ దాటుతుంది, లావు నడుము దాటదు. వెనక్కి రాబోతే దారం పొలుసుల కిందికి దిగి కోసుకుపోతుంది. ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. ఎండలో కొన్ని గంటలుంటే చచ్చిపోతుంది.

ముందు ఫొటో పంపి ఏ పామో తేల్చుకోండి, తెలిసినవాళ్లను పిలవండి. వాళ్లు వచ్చేలోపు గొడుగో గోనెపట్టానో అడ్డం పెట్టి నీడ చేయండి, దూరం నుంచి కాసిని నీళ్లు చల్లండి. లాగొద్దు. వచ్చినవాళ్లు చేసేది కూడా, తలను కదలకుండా ఆపి, చిన్న కత్తెరతో ఒక్కో దారం విడిగా కోయడమే. పైకి వదులైనట్టు కనబడినా చర్మంలోకి దిగిన దారం ఒక్కటి మిగిలితే పాము పెరిగే కొద్దీ అది లోపలికి కోస్తుంది, కాబట్టి ఒళ్లంతా తడిమి చూశాకే వదలాలి. మడి పని అయిపోయాక వలను కంచెకే వదిలేయకుండా చుట్టి లోపల పెట్టండి. కొత్తగా కొనేవాళ్లు వీలైతే నైలాన్ వల బదులు గట్టి ఇనుప జాలీ తీసుకోండి, దాన్ని నేలకు ఆనించి కట్టండి.